రాజు కానుక, రైతు కానుక



మేము డెన్మార్కు దేశము వెళ్ళి వచ్చిన నాటినుండి సంఘములో చిన్నా పెద్దా అందరూ ఒకటే అడుగుతున్నారు. "అయ్యగారూ, అక్కడ రాజుగారి కోట చూశారంట గదా, ఎట్లా ఉంది? కిరీటాలు నిజంగా బంగారువేనా?" అని. స్త్రీల సమాజమువారు మా ఇంటావిడను కూర్చోబెట్టి రెండు మూడు మార్లు చెప్పించుకున్నారు. ఆదివారపు బడి పిల్లలు సింహాల సంగతి అడుగుతున్నారు. అందరికీ ఒక్కసారే జవాబు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. అయితే చూచిన సంగతులతో పాటు, ఆ కోటలో ప్రభువు మా తప్పును మాకు చూపిన సంగతి కూడా దాచకుండా చెప్పవలసి ఉన్నది.

2024 సెప్టెంబరు నెలలో, మన సంఘముతో సహవాసము కలిగిన అక్కడి లూథరన్ సంఘమొకటి మమ్మల్నిద్దరినీ పది దినముల కొరకు పిలిచింది. కూటములన్నీ అయిన తరువాత ఒక దినము ఖాళీ దొరికింది. మేము బస చేసిన ఇంటి యజమాని బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న పెద్దాయన. ఆయన, "మీ దేశానికి సువార్తికులను పంపిన రాజులు ఉన్న ఇల్లు చూద్దురుగాని రండి" అని మమ్మల్ని కోపెన్‌హాగన్ నగరము నడిబొడ్డున ఉన్న రోసెన్‌బోర్గ్ కోటకు తీసుకొని వెళ్ళాడు.

కోట అంటే మన కొండపల్లి, గోలకొండవంటి రాతి గోడలు అనుకున్నాము. అది కాదు. పెద్ద తోట, తోట పక్కన నీళ్ళ కందకము, కందకము నడుమ ఎర్ర ఇటుకల మేడ, దానిపైన ఎత్తయిన గోపురములు. నాలుగవ క్రిస్టియన్ అనే రాజు 1606లో దీనిని కట్టించనారంభించాడు. మొదట వేసవిలో వచ్చి ఉండే చిన్న ఇల్లుగా మొదలుపెట్టి, సుమారు ముప్పై ఏండ్లు పెంచుకుంటూ పోయాడు. 1838 నుండి దానిని ప్రజలు చూచుటకు తెరిచారు. తోటలో తల్లులు పిల్లలను ఆడించుకుంటున్నారు. ఒకనాటి రాజుగారి తోటలో ఇప్పుడు ఎవరైనా గడ్డి మీద కూర్చుని రొట్టె తినవచ్చును. మేమూ మా పెద్దాయన భార్య కట్టియిచ్చిన నల్లరొట్టెలు అక్కడే తిన్నాము.

కింది అంతస్తులో ఆ నాలుగవ క్రిస్టియన్ రాజు గదులు ఉన్నాయి. మన దేశములో తరంగంబాడి రేవును డెన్మార్కువారు 1620లో సంపాదించినది ఈయన కాలములోనే. ఈయన 1648లో ఈ ఇంటిలోనే కన్నుమూశాడు. ఆయన బట్టలు అద్దాల పెట్టెలో ఉంచారు. 1644లో సముద్రము మీద జరిగిన యుద్ధములో గుండు దెబ్బకు కుడి కన్ను పోయిననాడు ఆయన ఒంటిమీద ఉన్న బట్టలవి. మూడువందల ఎనభై ఏండ్లయినా నెత్తురు మరకలు కనబడుతూనే ఉన్నాయి. మా ఇంటావిడ వాటిని చూచి, "రాజైతే మాత్రం నెత్తురు మన నెత్తురే గదండీ" అన్నది.

పైన రెండవ అంతస్తు అంతా ఒకే పొడుగాటి సభాశాల. దాని చివర రాజు సింహాసనము, రాణి సింహాసనము. వాటి ముందర నిజమైన సింహములంత మూడు వెండి సింహములు కాపలా ఉన్నాయి. రాజు సింహాసనమును ఉత్తర సముద్రములలో తిరిగే నార్వాల్ అనే తిమింగలముల దంతములతో చేశారు. మన బైబిలులో 1 రాజులు 10వ అధ్యాయములో సొలొమోను చేయించిన దంతపు సింహాసనము, దాని సింహముల సంగతి ఉన్నది గదా, దానిని మనసులో పెట్టుకొని చేయించినదే ఇది. 1671 నుండి 1840 వరకు ఆ దేశపు రాజుల అభిషేకమునకు దీనిని వాడారు. ఇప్పుడు దానిమీద ఎవరూ కూర్చోరు. ఆదివారపు బడి పిల్లలారా, మీరడిగిన సింహములు ఇవే.

ఈ రెండు అంతస్తులకు నడుమ, నాలుగవ ఫ్రెడరిక్ రాజు కాలపు గదులు ఉన్నాయి. మేము చెప్పదలచిన అసలు సంగతి అక్కడే జరిగింది.

ఈ రాజు 1699 నుండి 1730 వరకు ఏలాడు. తరంగంబాడిలో డెన్మార్కువారు అప్పటికి ఎనభై ఏండ్లకు పైగా వ్యాపారము చేస్తున్నారు. మిరియాలు, బట్టలు ఓడలకెత్తుకున్నారు గాని మన ప్రజలకు సువార్త చెప్పుటకు ఒక్కరినీ పంపలేదు. ఈ ఫ్రెడరిక్ రాజు ఆ పని తలపెట్టాడు. తన రాజ్యములో తగినవారు దొరకక జర్మనీ దేశమునుండి ఇద్దరు యౌవనస్థులను రప్పించాడు. వారే జీగెన్‌బాల్గ్, ప్లూచౌ. కోపెన్‌హాగన్‌లో అభిషేకము పొంది 1705 నవంబరు నెలలో ఓడ ఎక్కి, 1706 జులై 9న తరంగంబాడిలో దిగారు. ఆ మరునాటికి జీగెన్‌బాల్గ్‌కు ఇరవై నాలుగేండ్లు. మన భారతదేశములో ప్రొటెస్టెంటు మిషను పనికి అదే ఆరంభము.

ఆ మిషనులోనే 1719లో బెంజమిన్ షుల్జ్ అనే సేవకుడు వచ్చాడు. ఆయన తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చి, బైబిలును మన భాషలోనికి తర్జుమా చేశాడు. ఆ తర్జుమా అచ్చు కాలేదు గాని, జర్మనీలోని హాలె పట్టణములో 1746, 1747 సంవత్సరములలో ఆయన తెలుగు పుస్తకములు కొన్ని అచ్చు వేయించాడు. లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరి వాటిలో ఒకటి. తెలుగు అక్షరములు అచ్చులో కనబడిన తొలి పుస్తకములు అవే అని పండితులు చెప్తారు.

అంతే కాదు. విలియం కేరీగారిని ఈస్టిండియా కంపెనీవారు తమ హద్దులలో నిలువనీయనప్పుడు, 1800లో ఆయనకు చోటిచ్చిన సెరంపూరు డెన్మార్కువారిదే. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అక్కడే అచ్చయింది. 1827లో ఆరవ ఫ్రెడరిక్ రాజు ఇచ్చిన శాసనపత్రమును బట్టే సెరంపూరు కళాశాల నేటికీ వేదశాస్త్రములో పట్టములు ఇస్తున్నది. మన తెలుగు పాస్టర్లలో ఎందరో ఆ పట్టము చేతబట్టుకొని సేవకు వచ్చినవారే.

ఇవన్నీ మా పెద్దాయనకు చెప్పి, "ఈ రాజు పూనుకోకపోతే మా తాతల ఇండ్లలో బైబిలు ఎప్పటికి వచ్చేదో. ఎంతటి భక్తిపరుడో గదా" అన్నాము. ఆ గదిలోనే ఒక నిమిషము తలలు వంచి దేవునికి స్తోత్రము చెల్లించాము.

తలలెత్తగానే ఆ పెద్దాయన నెమ్మదిగా, "స్తోత్రము మంచిదే. కాని ఆయన సంగతి అంతా తెలిసి చెల్లించండి" అన్నాడు.

లూయిసా రాణి బ్రతికి ఉండగానే 1712లో ఈ రాజు ఒక ప్రభువుగారి కూతురును తీసుకొనిపోయి రెండవ పెండ్లి చేసుకున్నాడు. అంతకు ముందు కూడ ఇంకొకామెతో అట్లే చేశాడు. 1721లో రాణి చనిపోయింది. ఆమె భూస్థాపన జరిగిన మరునాడే ఆ రెండవ ఆమెను మళ్ళీ బహిరంగముగా వివాహమాడి రాణిని చేశాడు. ఆయన కాలములో డెన్మార్కు ఓడలు ఆఫ్రికా మనుష్యులను బానిసలుగా పడమటి ద్వీపములకు మోసుకొని పోయి అమ్మాయి. అదే రాజు బీదపిల్లల కొరకు 240 బడులు కట్టించాడు. ముసలితనములో భక్తివైపు మళ్ళాడు. "రెండూ ఆయనే. మేము ఏదీ దాచము" అన్నాడు పెద్దాయన.

మాకు నోట మాట రాలేదు. మా ఇంటావిడ మా ముఖము చూచింది. మేము ఆమె ముఖము చూచాము. ఇద్దరికీ గుర్తుకు వచ్చినది ఒక్కటే.

ఆ సంగతి ఇది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు మన ప్రార్థన మందిరము రేకులు లేచిపోయినవి. జనవరిలో కోత పండుగనాడు సంఘస్థులు శక్తికొలది కానుకలు తెచ్చారు. మన సంఘములోనే పుట్టి పెరిగిన ఒక రైతు ముప్పైవేల రూపాయలు రుమాలులో కట్టి తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆయన భార్యాపిల్లలుండగా పక్క ఊరిలో ఇంకొక సంసారము పెట్టిన సంగతి ఊరందరికీ తెలుసు. ఆ కారణముచేతనే ఆయనను ప్రభురాత్రి భోజనమునకు రానిచ్చుట లేదు. మేము ఆ రుమాలు తీసి, సంఘమంతా చూస్తుండగా ఆయన చేతికి తిరిగి ఇచ్చివేసి, "ఇది దేవుని పెట్టెలో పడదగిన సొమ్ము కాదు" అన్నాము. యూదా పారవేసిన నాణెములను గూర్చి ప్రధానయాజకులు పలికినట్టే పలికాము. ఆ మాట పలికినవారి చేతులు ఎంత పవిత్రమైనవో ఆనాడు మాకు తట్టలేదు.

కొందరు "ఆమేన్" అన్నారు. ఆయన రుమాలు తీసుకొని తల వంచుకొని వెళ్ళిపోయాడు. ఆయన పెద్ద భార్య, ఇద్దరు పిల్లలు స్త్రీల వైపున కూర్చుని ఉన్నారు. వారు కూడ లేచి వెళ్ళిపోయారు. ఆ తరువాత తొమ్మిది నెలలు ఆ ఇంటివారెవరూ గుడి మెట్టు ఎక్కలేదు. మేము దానిని సంఘ క్రమశిక్షణ అనుకొని ఊరుకున్నాము.

ఇప్పుడు ఆ గదిలో నిలువబడి ఆలోచిస్తే మా కాళ్ళు కదలలేదు. ఆ రైతు తప్పు ఏదో, ఈ రాజు తప్పు అదే. రైతు ముప్పైవేలను తిరిగి ఇచ్చివేశాము. మరి రాజు కానుకను తిరిగి ఇచ్చివేయగలమా? మనము చదివే బైబిలు, మనము కూర్చునే గుడి, మన పాస్టర్ల పట్టములు, వీటన్నిటి వెనుక కాస్తో కూస్తో ఆ రాజుల సొమ్ము ఉన్నది. రాజు దూరపువాడు గనుక స్తోత్రము, రైతు మన ఊరివాడు గనుక అవమానమా?

చివరకు నేలమాళిగలోనికి దిగాము. అక్కడ కిరీటములు ఉన్నాయి. అవును, నిజమైన బంగారమే. 1671లో అభిషేకమునకు చేయించిన కిరీటములో వజ్రములు దీపములవలె మెరుస్తున్నాయి. డెన్మార్కులో 1849 నుండి రాజ్యాంగము వచ్చి, రాజులకు కిరీటము పెట్టుట మానివేశారు. రాజు చనిపోయినప్పుడు ఆ కిరీటమును శవపేటిక మీద ఉంచుతారు. ఆ విధముగా చివరిసారి వాడినది 1972లో. 2024 జనవరి 14న రాజైన పదవ ఫ్రెడరిక్ కూడ దానిని తలమీద పెట్టుకోలేదు.

దాని దగ్గరనే నాలుగవ క్రిస్టియన్ రాజు కిరీటము ఉన్నది. అది 1596లో ఆయన పట్టాభిషేకమునకు చేయించినది. బరువు మూడు కిలోలకు కొంచెము తక్కువ. దాని ముందు భాగములో ఒక పక్షి బొమ్మ ఉన్నది. మా ఇంటావిడ కోడిపెట్ట అనుకున్నది. అది పెలికాను పక్షి. తన రొమ్మును తానే ముక్కుతో పొడుచుకొని, ఆ రక్తముతో పిల్లలను బ్రతికిస్తుందని పూర్వులు నమ్మేవారు. అందుచేత దానిని క్రీస్తు ప్రభువునకు గురుతుగా గుళ్ళలో చెక్కేవారు. రాజు కూడ ప్రజల కొరకు తన రక్తము ఇయ్యవలెనని ఆ కిరీటము మీద దానిని పెట్టించారట. ఆ కోటలో అంత బంగారము చూచినా మా మనసులో నిలిచినది ఆ పక్షియే. దాని పిల్లలు ఏ తప్పు లేని పిల్లలని ఎవరు చెప్పారు? ఆకలితో ఉన్న పిల్లలు, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఇంటావిడ, "ఏమండీ, ఆ రాజు రెండవ పెండ్లి చేసుకున్ననాడు పెద్ద రాణి దగ్గరకు ఎవరైనా వెళ్ళి పలకరించారంటారా?" అన్నది. కొంతసేపటికి మళ్ళీ తనే, "మనమైనా వెళ్ళామా?" అన్నది.

వెళ్ళలేదు. అదే నిజము. ఆ రైతు రెండవ సంసారము పెట్టినప్పుడు సంఘపెద్దలతో మాట్లాడాము. ప్రసంగములో పరోక్షముగా మాట్లాడాము. ఆయన ఇంటికి వెళ్ళి ఆయన ఎదుట కూర్చుని మాట్లాడలేదు. ఆయన భార్య ఎట్లా ఉన్నదో అడగలేదు. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన క్రమమేమి? మొదట ఒంటరిగా వెళ్ళమన్నాడు. ఆ తరువాత ఇద్దరు ముగ్గురు, ఆ తరువాతనే సంఘము. మేము ఆ క్రమమును తలక్రిందులు చేశాము. నాతాను ప్రవక్త కూడ దావీదు దగ్గరకు తానే నడిచి వెళ్ళాడు గాని, ప్రజల ఎదుట నిలువబెట్టి గద్దించలేదు.

ఇంకొక సంగతి కూడ ఆ రాత్రి జ్ఞాపకము చేసుకున్నాము. రాజు పంపిన జీగెన్‌బాల్గ్‌ను తరంగంబాడిలో రాజుగారి అధికారియే 1708లో పట్టి నాలుగు నెలలు చెరలో పెట్టాడు. అధికారము చేతిలో ఉన్నవారు దేవుని పనికి సాయమూ చేయగలరు, అడ్డమూ కాగలరు. ఊరిలో పాస్టరుకు కూడ ఒక అధికారము ఉన్నది. గుడి తలుపు మా చేతిలోనే ఉన్నది.

ఊరు చేరిన మూడవ నాటి సాయంత్రము మేమిద్దరము ఆ రైతు ఇంటికి వెళ్ళాము. ఆయన చావడిలో కూర్చుని ఉన్నాడు. లేచి మంచము చూపాడు గాని మాట్లాడలేదు. మేము, "బాబూ, నీ తప్పును తప్పు కాదని చెప్పుటకు రాలేదు. మేము చేసిన తప్పు ఒప్పుకొనుటకు వచ్చాము. నీ ఇంటికి రాకుండా నిన్ను నలుగురిలో అవమానపరిచాము. క్షమించు" అన్నాము. ఆయన కండువాతో ముఖము తుడుచుకున్నాడు.

జవాబు లోపలనుండి వచ్చింది. ఆయన పెద్ద భార్య గుమ్మములో నిలువబడి, "ఆ ముప్పైవేలలో పదకొండు వేలు నావి అయ్యగారూ. రెండు గేదెల పాలమ్మిన డబ్బులు. గుడి మీద రేకు వేయిస్తానని ప్రభువుకు మాటిచ్చాను. ఇంటాయన చేతిమీదుగా వెళ్తే బాగుంటుందని ఆయనకిచ్చాను. మీరు ఒక్కమాట అడిగితే చెప్పేదాన్ని" అన్నది.

ప్రియ పాఠకులారా, ఏ పరిశుద్ధత పేరు చెప్పి మేము ఆ రుమాలును తిరిగి ఇచ్చివేశామో, ఆ రుమాలులోనే ఒక విధవరాలివంటి ఇల్లాలి కాసులు ఉన్నాయి. మేము అడగలేదు. మా ఇంటావిడ లోపలికి వెళ్ళి ఆమెను పట్టుకొని ఏడ్చింది. ఆ తరువాత వారిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏమి మాట్లాడుకున్నారో మేము అడగలేదు, వారు చెప్పలేదు.

దీనితో అంతా చక్కబడిందని చెప్పలేము. ఆ రైతు రెండవ సంసారము చిక్కు ఇంకా తీరలేదు. ఆ చిన్నామెకూ ఒక బిడ్డ ఉన్నది, ఆ బిడ్డ తప్పు ఏమీ లేదు. ప్రభురాత్రి భోజనము విషయములో సంఘ నియమము అట్లే ఉన్నది, ఉండవలసినదే. పాపమును పాపమనక తప్పదు. అయితే నెలకు ఒకసారి మేము ఆయన చావడిలో కూర్చుంటున్నాము. ఆ తల్లి, పిల్లలు మరల ఆరాధనకు వస్తున్నారు. క్రిస్మసునాడు ఆయన కూడ వచ్చి వెనుక గోడ దగ్గర నిలువబడ్డాడు. ఆ తల్లి పదకొండు వేలు ఆమె పేరుననే పుస్తకములో వ్రాసి తీసుకున్నాము. మిగిలిన పంతొమ్మిది వేలను, మొదట ఈ ఇంటి పిల్లల చదువు చూచుకొమ్మని సంఘపెద్దలు ఆయనతో చెప్పారు. ఇకమీదట ఎవరి కానుకను గూర్చియైనా సందేహముంటే ఇంటికి వెళ్ళి అడగవలెను గాని ఆరాధనలో ఒక్కమాట అనరాదని పెద్దలందరూ తీర్మానించారు. ఆ తీర్మానము మీద మొదటి సంతకము మాదే.

రోసెన్‌బోర్గ్ కోటలో బంగారము ఉన్నదా అని అడిగారు. ఉన్నది. కాని దానిని అద్దము వెనుక ఉంచి, రాత్రింబగళ్ళు కాపలా కాస్తున్నారు. ఆ రాజులు మన దేశమునకు పంపిన వాక్యమునకు అద్దము లేదు, కాపలా లేదు. అది మన ఇండ్లలో, మన చేతులలో ఉన్నది. పౌలు భక్తుడు 2 కొరింథీ 4వ అధ్యాయములో ఐశ్వర్యమును మంటి ఘటములలో ఉంచిన సంగతి వ్రాశాడు. ఆ రాజు ఒక మంటి ఘటము, ఆ రైతు ఒక మంటి ఘటము. పగుళ్ళు ఎంచుటకు బయలుదేరిన మేమును అట్టి ఘటమే.

మీ సంఘములో, మీ బంధువులలో, మీ ఇంటిలో, మీరు పదిమందిలో తిరిగి పంపివేసిన మనిషి ఎవరైనా ఉన్నారేమో జ్ఞాపకము చేసుకొనుడి. ఉంటే, ఆ ఇంటికి ఒకసారి నడిచి వెళ్ళుడి. చెప్పుటకు ముందు అడుగుడి. అట్టి కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.